కొండ దిగే విద్య: కేకే లైన్‌లో రైలు డ్రైవర్ల అరవై ఏళ్ల చదువు

1984 అక్టోబరు 24న కోల్‌కతాలో ఎస్ప్లనేడ్ నుంచి భవానీపూర్ దాకా 3.4 కిలోమీటర్ల మేర దేశంలో తొలి మెట్రో నడిచింది. నేల కింద బండి నడిపే డ్రైవరు అప్పుడు అందరికీ వింత. విశాఖ రైల్వే కాలనీలో మాత్రం సొరంగాలు వింతేమీ కాదు. అప్పటికే పదిహేనేళ్లకు పైగా అక్కడి డ్రైవర్లు 58 సొరంగాలు దాటి బస్తర్ కొండల నుంచి ఇనుప ఖనిజాన్ని రేవుకు దించుతున్నారు. మెట్రో డ్రైవరు ఎలా తయారవుతాడో ఈమధ్య చాలామంది రాస్తున్నారు. కొత్తవలస–కిరండూల్ (కేకే) లైన్‌లో కొత్త డ్రైవరు ఎలా తయారవుతూ వచ్చాడో రాసినవాళ్లు తక్కువ. ఆ చదువులో సగం పుస్తకాల్లో ఉంది. మిగతా సగం ఇంజన్ క్యాబిన్‌లో ఒకరి నోటి నుంచి ఒకరి చెవికి చేరుతూ వచ్చింది.

ఖనిజం కోసం పడిన దారి

ఓరుగల్లు పతనమయ్యాక కాకతీయ వంశీయుడు అన్నమదేవుడు ఇంద్రావతి తీరానికి వెళ్లి రాజ్యం స్థాపించాడని బస్తర్ సంప్రదాయం చెబుతుంది. తెలుగు నేలతో అంత పాత చుట్టరికం ఉన్నా 1960ల దాకా ఆ జిల్లాకు రైలు లేదు. విస్తీర్ణంలో కేరళను మించిన జిల్లాలో ఒక్క స్టేషనూ లేదన్నమాట. రైలు వచ్చింది కూడా జనం కోసం కాదు. 1950లలో జపాన్ నిపుణులు బైలదిల్లా కొండల్లోని ఖనిజం నాణ్యతను చూశారు. 1960 మార్చిలో ఒప్పందం కుదిరింది. ఏటా బైలదిల్లా నుంచి 40 లక్షల టన్నులు, కిరిబురు నుంచి 20 లక్షల టన్నులు జపాన్ ఉక్కు మిల్లులకు పంపాలి. గనుల బాధ్యత 1958లో పుట్టిన ఎన్ఎండీసీది. దారి వేసే బాధ్యత రైల్వేది. దండకారణ్య–బొలంగీర్–కిరిబురు అనే మూడు పేర్ల మొదటి అక్షరాలతో దాన్ని డీబీకే ప్రాజెక్టు అన్నారు.

విశాఖ పక్కన కొత్తవలస దగ్గర మొదలై శృంగవరపుకోట, అరకు, కోరాపుట్, జయపురం, జగదల్‌పూర్, దంతెవాడ మీదుగా కిరండూల్ దాకా సుమారు 445 కిలోమీటర్లు. శిమిలిగుడ దగ్గర పట్టాలు సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తుకు చేరతాయి. దేశంలో అత్యంత ఎత్తయిన బ్రాడ్‌గేజ్ స్టేషన్‌గా అది చాలాకాలం పేరు మోసింది. 1966–67 నాటికి లైన్ సిద్ధమైంది. 1968లో కిరండూల్ వైపు పద్నాలుగో నిక్షేపం పని మొదలుపెట్టింది. బచేలి గని 1977లో వచ్చింది.

లైన్ పూర్తవుతున్న ఆ రోజుల్లోనే, 1966 మార్చి 25న, బస్తర్ మాజీ పాలకుడు ప్రవీర్ చంద్ర భంజ్ దేవ్ జగదల్‌పూర్ రాజభవనంలో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. రగిలిపోతున్న జిల్లాలోకి తొలి గూడ్స్ బండ్లు ప్రవేశించాయి. అక్కడి ఆదివాసులకు ఆ రైలు చాలాకాలం పాటు తమ కొండను మోసుకుపోయే బండిగానే కనిపించింది.

బొగ్గు చేతులకు డీజిల్ పాఠం

ఆ కాలపు డ్రైవరు ఏ బడిలో చదివాడు? ఆవిరి ఇంజన్ల బడిలో. షెడ్డులో క్లీనరుగా చేరి బూడిద ఎత్తాలి. తర్వాత సెకండ్ ఫైర్‌మన్, ఫస్ట్ ఫైర్‌మన్, షంటరు. ఇవన్నీ దాటాకే రెగ్యులేటర్ మీద చెయ్యి వేసే అర్హత. ఏళ్ల తరబడి పక్కన నిలబడి చూడటమే చదువు. నీటిమట్టం, మంట రంగు, పొగ గొట్టం చప్పుడు చూసి, విని బండి ఆరోగ్యం చెప్పగలగడమే పరీక్ష.

కేకే లైన్ ఆ బడికి గండి కొట్టింది. బరువైన ఖనిజపు బండ్లను ఘాట్‌లో లాగడానికి రైల్వే డీజిల్ ఇంజన్లను ఎంచుకుంది. 1965లో విశాఖలో డీజిల్ షెడ్ వెలిసింది. మంటను చూసి తెలుసుకున్నవాడు ఇప్పుడు ఆమ్‌మీటరు ముల్లు చూసి తెలుసుకోవాలి. పార పట్టిన ఫైర్‌మన్ డీజిల్ అసిస్టెంట్ అయ్యాడు. సర్క్యూట్ బొమ్మలు కాగితం మీద గీసి వివరించే తరగతి గదులు వచ్చాయి. కిందనుంచి అంచెలంచెలుగా ఎక్కివచ్చిన ఆ తరానికి బల్ల ముందు కూర్చుని నేర్చుకోవడం కొత్త.

అయితే ఇంజన్ సంగతి తెలిసిన లోకో ఇన్‌స్పెక్టర్లకు కూడా ఈ దారి కొత్తదే. గరిష్ఠ వాలు 60కి 1. వంపులు 8 డిగ్రీల దాకా. నిండు బండి జయపురం దాటాక ఛత్రిపుట్, మాలిగుడ, జరతి, మనబార్ మీదుగా కోరాపుట్‌కు ఎక్కాలి. శిమిలిగుడ దాటాక కరకవలస, బొర్రా గుహలు, చిమిడిపల్లి, త్యాడ మీదుగా బొడ్డవరకు దిగాలి. ఎక్కేటప్పుడు బండి ఆగిపోతుందేమోనన్న భయం, దిగేటప్పుడు ఆగదేమోనన్న భయం. తొలి డ్రైవర్లకు చెప్పేవాళ్లు లేరు. వాళ్లు నడిపి తెలుసుకున్నదే తర్వాతివాళ్లకు పాఠమైంది.

గాలిని పొదుపు చేయడం

ఈ లైన్‌లో కొత్తవాడికి ముందు నేర్పేది బండిని అదుపులో పెట్టడం. వేగం సంగతి తర్వాత. ఎయిర్ బ్రేకు పద్ధతిలో ఇంజన్ నుంచి చివరి వ్యాగన్ దాకా ఒకే గొట్టం ఉంటుంది. అందులో చదరపు సెంటీమీటరుకు 5 కిలోల ఒత్తిడితో గాలి నిండి ఉంటుంది. డ్రైవరు ఆ ఒత్తిడి తగ్గిస్తే ప్రతి వ్యాగన్ కింద నిల్వ ఉన్న గాలి బ్రేకు బ్లాకులను చక్రాలకు నొక్కుతుంది. గొట్టం తెగినా అదే జరుగుతుంది కాబట్టి బండి తనంతట ఆగుతుంది. 1870ల్లో అమెరికాలో వెస్టింగ్‌హౌస్ కనిపెట్టిన సూత్రమిది.

చిక్కు వాలులో వస్తుంది. బ్రేకు వదిలిన తర్వాత వ్యాగన్ల కింది తొట్లు మళ్లీ నిండటానికి సమయం పడుతుంది. కొత్త కుర్రాడు వేగం పెరిగిందని బ్రేకు వేస్తాడు, తగ్గిందని వదిలేస్తాడు, పెరిగిందని మళ్లీ వేస్తాడు. మూడోసారికి తొట్లలో గాలి ఉండదు. నాలుగైదు వేల టన్నుల బండి, వాలు ముందే ఉంది, చేతిలో పిడి ఉంది, ఫలితం లేదు. అందుకే పాతకాపులు మొదట చెప్పే మాట గాలిని ఊరికే ఖర్చు చేయొద్దనే. ఘాట్ దిగే ముందు బ్రేకు పరీక్ష, బ్రేక్ పవర్ సర్టిఫికెట్ మీద సంతకాలు, గార్డుతో మాట కలపడం ఇందుకే. అదుపు తప్పిన బండిని ఎదురు వాలులోకి మళ్లించే క్యాచ్ సైడింగుల ఏర్పాటు ఘాట్ లైన్లలో ఉంటుంది. తన బండి ఎప్పుడూ అందులోకి పోకుండా చూసుకోవడమే డ్రైవరు నేర్పు.

చక్రాలను తిప్పే మోటార్లనే వాలులో జనరేటర్లుగా మార్చి బండిని నిలువరించే డైనమిక్ బ్రేకు ఈ భారాన్ని చాలావరకు తగ్గించింది. ఇవాళ నడిచే డబ్ల్యూఏజీ–9 ఇంజన్లయితే అలా పుట్టిన విద్యుత్తును తిరిగి పై తీగలోకే పంపుతాయి. దిగే బండి ఎక్కే బండికి కరెంటు ఇచ్చినట్టే.

తీగ కింద రెండో చదువు

1980ల తొలినాళ్లలో లైన్ విద్యుదీకరణ జరిగింది. డీజిల్ నేర్చినవాళ్లు మళ్లీ శిక్షణ కేంద్రానికి వెళ్లారు. నెత్తిమీద 25 వేల వోల్టుల తీగ, ముందు 32 నాచ్‌ల (శక్తి మెట్ల) కంట్రోలర్. ఘాట్‌లో మూడేసి ఇంజన్లు జత కట్టి ఒకే చేతితో నడపడం ఈ దారికి మామూలైంది. 1988లో స్వీడన్ ఏఎస్ఈఏ, జపాన్ హిటాచీ కంపెనీల నుంచి దిగుమతైన 18 డబ్ల్యూఏజీ–6 ఇంజన్లకు విశాఖే నివాసమైంది. ఏ ఇంజన్ తట్టుకుంటుందో తేల్చుకోవడానికి ఈ కొండను మించిన పరీక్ష లేదు.

కొత్తవాడిని తికమక పెట్టే చోటు ఒకటుంది. తీగలో రెండు సబ్‌స్టేషన్ల కరెంటు కలవకుండా మధ్యలో కొన్ని మీటర్ల ఖాళీ వదులుతారు. అదే న్యూట్రల్ సెక్షన్. 500 మీటర్ల ముందు ఒక బోర్డు, 250 మీటర్ల ముందు మరొకటి. నాచ్‌లు తగ్గించాలి. ‘డీజే ఓపెన్’ బోర్డు దగ్గర సర్క్యూట్ బ్రేకర్ తెరవాలి. బండి తన ఊపుతోనే ఆ ఖాళీ దాటాక బ్రేకర్ మూసి మళ్లీ నాచ్‌లు పెంచాలి. మైదానంలో ఇది చిన్న పని. ఎక్కుడులో మాత్రం ఊపు చాలకపోతే బండి కరెంటు లేని తీగ కిందే నిలిచిపోతుంది. ఎంత ఊపుతో రావాలో బోర్డు మీద రాసి ఉండదు. పక్క సీటులో కూర్చుని చూసిన అసిస్టెంటుకే అది అబ్బుతుంది.

కాల్ బుక్, లైన్ బాక్స్, నిద్ర

యంత్రాలు మూడు తరాలు మారినా రన్నింగ్ స్టాఫ్ బతుకు అంత తొందరగా మారలేదు. అర్ధరాత్రి కాల్ బాయ్ తలుపు తట్టి కాల్ బుక్‌లో సంతకం పెట్టించుకునేవాడు. డ్రైవరు రేకుతో చేసిన లైన్ బాక్సులో బియ్యం, పప్పు, జెండాలు, టార్చిలైటు సర్దుకుని లాబీలో సైన్ ఆన్ చేసేవాడు. అవతలి కొసన రన్నింగ్ రూంలో పడుకుని, తిరుగు బండి ఎప్పుడొస్తే అప్పుడు లేచేవాడు. డ్యూటీ ఎన్ని గంటలకు ముగుస్తుందో ఎవరూ చెప్పలేని రోజులవి. 1970లో ఏర్పడిన లోకో రన్నింగ్ స్టాఫ్ అసోసియేషన్ 1973 ఆగస్టులో సమ్మె చేసింది. పది గంటల డ్యూటీ హామీ అప్పుడే దక్కింది. మరుసటేడు మేలో జార్జి ఫెర్నాండెజ్ నాయకత్వంలో ఇరవై రోజుల పాటు దేశవ్యాప్త రైల్వే సమ్మె సాగింది. ఇప్పుడు కాల్ బాయ్ పోయి ఫోన్‌కు సందేశం వస్తోంది. డ్యూటీ గంటలను కంప్యూటర్ లెక్కిస్తోంది. అయినా వరస రాత్రి డ్యూటీలు, వారపు విశ్రాంతి, ఇంజన్‌లో మరుగుదొడ్డి ఇవాళ్టికీ సంఘాల డిమాండ్లలో ఉన్నాయి. మహిళా లోకో పైలట్లు పెరుగుతున్నకొద్దీ చివరిదాన్ని దాటవేయడం రైల్వేకు కష్టమవుతోంది.

బస్తర్ వైపు డ్యూటీకి ఇంకో భయం తోడైంది. దంతెవాడ దాటాక కమలూర్, భాన్సీ, బచేలి మధ్య మావోయిస్టులు ఎన్నోసార్లు పట్టాలు విప్పారు. గూడ్స్ బండ్లు పడిపోయాయి. బండి ఆపి సిబ్బంది దగ్గర వాకీటాకీలు లాక్కున్న ఘటనలూ జరిగాయి. బంద్ పిలుపు వస్తే విశాఖ–కిరండూల్ పాసింజరును దంతెవాడలోనో జగదల్‌పూర్‌లోనో ఆపేసేవారు. పట్టాల మీద బ్యానరు కనిపిస్తే ఏం చేయాలి, ఎవరికి చెప్పాలి, దిగాలా వద్దా అన్నది శిక్షణ కేంద్రంలో ఎవరూ నేర్పే పాఠం కాదు. రన్నింగ్ రూంలో రాత్రి భోజనాల దగ్గర సీనియర్లు చెప్పేవారు.

నేటి కుర్రాడు

ఇప్పుడు క్లీనరుగా చేరి డ్రైవరయ్యే దారి లేదు. పదో తరగతితో పాటు ఐటీఐ లేదా డిప్లొమా చేసినవారు రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డు పరీక్ష రాస్తారు. తర్వాత ఏకాగ్రతను, జ్ఞాపకాన్ని, నిర్ణయ వేగాన్ని కొలిచే సీబ్యాట్. ఆపైన ఏ–1 వైద్య పరీక్ష. కళ్లద్దాలు లేకుండా 6/6 చూపు ఉండాలి, రంగులు తేడా తెలియాలి. ఇక్కడ వెనుదిరిగేవారు చాలామంది. నెగ్గినవాడు అసిస్టెంట్ లోకో పైలట్‌గా కొన్ని నెలలు రూల్సు పుస్తకం, ఇంజన్ భాగాలు, సిమ్యులేటరు నేర్చుకుంటాడు. తర్వాత సీనియర్ అసిస్టెంట్, షంటర్, గూడ్స్, పాసింజర్, మెయిల్ మెట్లు.

ఇంజన్ ఎక్కిన తర్వాత పని నోటితో మొదలవుతుంది. దూరాన సిగ్నల్ కనబడగానే అసిస్టెంటు దాని పేరు, రంగు పైకి చెప్పాలి. లోకో పైలట్ తానూ చూసి మళ్లీ చెప్పాలి. నిముషం పాటు ఏ మీటా కదపకపోతే విజిలెన్స్ పరికరం దీపం వెలిగిస్తుంది, తర్వాత మోగుతుంది. అప్పటికీ స్పందించకపోతే అదే బ్రేకు వేస్తుంది. ఇవేవీ దారి నేర్పవు. దారి కోసం ఎల్ఆర్ చేయాలి. అంటే ఆ మార్గం తెలిసినవారితో పగలూ రాత్రీ తిరిగి, తెలుసుకున్నానని సంతకం పెట్టాలి. మూడు నెలలకు మించి ఆ దారి తొక్కకపోతే మళ్లీ మొదలు.

హైదరాబాద్ మెట్రోతో పోల్చితే తేడా తెలుస్తుంది. 2017 నవంబరులో మొదలైన ఆ మెట్రోలో డిప్లొమా చదివిన అమ్మాయిలు, అబ్బాయిలు ఉప్పల్ డిపోలో తర్ఫీదై రైళ్లు నడిపారు. అక్కడ వేగాన్నీ, ముందు బండికి ఎడాన్నీ కంప్యూటరు చూసుకుంటుంది. ఆపరేటరు తలుపులు, ప్లాట్‌ఫాం, ప్రయాణికులు చూడాలి, యంత్రం మొరాయిస్తే చేయి వేయాలి. కేకే లైన్‌లో యంత్రం సాయం పెరిగినా వాలు, వర్షం, జారిపడే బండరాయి డ్రైవరు కంటికే వదిలారు. సిగ్నల్ వ్యవస్థ మొరాయించినప్పుడు ఏం జరుగుతుందో 2023 అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర చూశాం. విశాఖ–రాయగడ పాసింజరు ముందున్న పలాస పాసింజరును ఢీకొట్టింది. 14 మంది చనిపోయారు, ఢీకొన్న బండి సిబ్బందితో సహా. ఎప్పుడో ఒకసారి అవసరపడే రూలు గుర్తుండాలంటే దాన్ని ఎప్పుడూ సాధన చేయిస్తూ ఉండాలని ఆ ప్రమాదం మళ్లీ చెప్పింది.

అనుభవాన్ని రాసిపెట్టాలి

కిరండూల్–జగదల్‌పూర్ మధ్య చాలా మేర రెండో లైన్ పడింది. గార్డు ఇప్పుడు ట్రైన్ మేనేజర్. 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఈ లైన్ ఉన్న వాల్తేరు డివిజన్‌ను విభజించే నిర్ణయం తీసుకుంది. ఈ లైన్‌ను తూర్పు కోస్తా రైల్వేలోని కొత్త రాయగడ డివిజన్‌కు ఇచ్చి, మిగిలినదాన్ని విశాఖపట్నం డివిజన్‌గా దక్షిణ కోస్తా జోన్‌కు చేర్చింది. అరవై ఏళ్లుగా ఒకే డివిజన్‌లో పోగుపడిన అనుభవం ఇక రెండు జోన్ల మధ్య చీలుతుంది. మరోవైపు కొత్తగూడెం నుంచి కిరండూల్‌కు సుమారు 160 కిలోమీటర్ల లైన్ కోసం సర్వే నడిచింది. రావ్‌ఘాట్ నుంచి జగదల్‌పూర్‌కు దారి మంజూరైంది. అవి పూర్తయిన రోజున తొలి లోకో పైలట్లకు ఎల్ఆర్ చేయించే సీనియరు ఉండడు. 1960ల నాటి డ్రైవర్ల పరిస్థితే వాళ్లదీను.

వర్కింగ్ టైంటేబుల్‌లో వాలు ఎంతో ఉంటుంది, వేగ పరిమితి ఉంటుంది. ఏ వంపు దగ్గర బ్రేకు ముందే తాకాలో, ఏ సొరంగం బయట వానాకాలంలో మట్టి జారుతుందో, ఏ న్యూట్రల్ సెక్షన్‌కు ఎంత ఊపు కావాలో అందులో ఉండదు. పదవీ విరమణ చేసే ప్రతి లోకో ఇన్‌స్పెక్టరుతో అందులో కొంత వెళ్లిపోతోంది. రైల్వే సిమ్యులేటర్లకు కోట్లు పెడుతోంది, మంచిదే. వాటిలోకి ఎక్కించాల్సిన పాఠం మాత్రం విశాఖ, కోరాపుట్, జగదల్‌పూర్, కిరండూల్ రన్నింగ్ రూంలలో ఉంది. అడిగి రాసుకునే పని ఇంకా మొదలు కావలసి ఉంది.