విండోస్ థీములు: డెస్క్‌టాప్ అలంకరణ చరిత్ర

విండోస్ థీములు అంటే మైక్రోసాఫ్ట్ విండోస్‌లో డెస్క్‌టాప్ బొమ్మ, విండోల అంచులు, రంగులు, అక్షరాలు, ఐకాన్లు, మౌస్ గుర్తు, శబ్దాలు వంటివాటిని వాడేవారు తమకు నచ్చినట్టు మార్చుకోవడానికి ఉన్న ఏర్పాటు. 1985లో కొద్దిపాటి రంగుల ఎంపికతో మొదలైన ఈ సౌకర్యం 1995లో థీమ్ అనే పేరుతో ఒక చోటికి చేరింది. 2001లో విండోస్ ఎక్స్‌పీ రాకతో విండోల ఆకారాన్నే మార్చగల సాంకేతికత దీనికి తోడైంది. ఆ తరువాత ఈ సౌకర్యం కొన్ని వైపుల విస్తరించి, మరికొన్ని వైపుల కుదించుకుపోయింది. తెర ఎలా కనిపించాలో తయారు చేసిన కంపెనీ నిర్ణయించాలా, రోజంతా దాని ముందు కూర్చునే మనిషి నిర్ణయించుకోవాలా అన్న తగవు కొత్త విండోస్ వచ్చిన ప్రతిసారీ మళ్లీ తలెత్తింది.

నేపథ్యం

బొమ్మలతో పనిచేసే కంప్యూటర్లు మామూలు జనం చేతికి వచ్చిన తొలిరోజుల నుంచే వాటి రూపాన్ని మార్చుకునే వీలు ఉంది. 1984 జనవరిలో ఆపిల్ విడుదల చేసిన మకింటోష్ కంట్రోల్ ప్యానెల్‌లో 8×8 చుక్కల చిన్న గడి ఉండేది. అందులో ఒక్కో చుక్కను నొక్కి నలుపో తెలుపో చేసుకుంటే, ఆ నమూనాయే డెస్క్‌టాప్ అంతా పరచుకునేది. ఆ ప్యానెల్ రూపశిల్పి సూసన్ కేర్. అదే ఏడాది ఎంఐటీలో మొదలైన ఎక్స్ విండో సిస్టమ్ మరో దారి తొక్కింది. విండోకు అంచులు, బొత్తాలు ఎలా ఉండాలన్నది ఆ వ్యవస్థ తన నెత్తిన వేసుకోకుండా, విండో మేనేజర్ అనే విడి ప్రోగ్రామ్‌కు అప్పగించింది. అందుకే యునిక్స్, లినక్స్ లోకంలో డెస్క్‌టాప్ రూపం మొదటి నుంచీ వాడేవారి ఇష్టంగానే ఉంటూ వచ్చింది.

తొలి విండోస్‌లు (1985–1992)

1985 నవంబరు 20న విడుదలైన విండోస్ 1.0లో కంట్రోల్ ప్యానెల్ ద్వారా తెర రంగులు మార్చుకోవచ్చు. 1990 మేలో వచ్చిన విండోస్ 3.0 డెస్క్‌టాప్‌కు వాల్‌పేపర్ తెచ్చింది. 1992 ఏప్రిల్‌లో వచ్చిన విండోస్ 3.1లో స్క్రీన్‌సేవర్లు చేరాయి. దానిలోని పేరు పెట్టిన రంగుల కూర్పుల్లో ‘హాట్ డాగ్ స్టాండ్’ అనే ఎరుపు, పసుపు కూర్పు కళ్లు జిగేల్‌మనేంత గాఢంగా ఉండి, నేటికీ ఆ కాలపు గుర్తుగా మిగిలింది.

ఈ అమరికలన్నీ మామూలు పాఠ్యపు ఫైళ్లలోనే ఉండేవి. విండోస్ ఫోల్డరులోని విన్ డాట్ ఐఎన్ఐ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే రంగుల భాగంలో ఒక్కో వరుసలో తెర మీది ఒక్కో భాగం పేరు, దాని పక్కన ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు 0 నుంచి 255 వరకు మూడు అంకెలుగా కనిపించేవి. టైటిల్ బార్ వరుసలో 0 0 128 ఉంటే ముదురు నీలం. ఆ అంకెలు మార్చి విండోస్‌ను మళ్లీ మొదలుపెడితే రంగు మారేది. ప్రత్యేక ఉపకరణం ఏదీ లేకుండానే ఎవరైనా ప్రయోగాలు చేయగలిగేవారు.

విండోస్ 95, ప్లస్ ప్యాక్

1995 ఆగస్టు 24న విడుదలైన విండోస్ 95 ఈ సౌకర్యాన్ని అందరికీ అర్థమయ్యే రూపంలో పెట్టింది. డెస్క్‌టాప్ మీద కుడి బొత్తం నొక్కి ప్రాపర్టీస్‌లోని అప్పియరెన్స్ పేజీకి వెళితే ఒక నమూనా తెర ఉండేది. అందులో పనిలో ఉన్న విండో, వెనక ఉన్న విండో, సందేశపు పెట్టె చిన్నవిగా కనిపించేవి. వాటిలో ఏ భాగాన్ని నొక్కితే ఆ భాగం రంగు, కొలత, అక్షరాల సైజు మార్చుకునే వీలుండేది. టైటిల్ బార్ ఎత్తు, స్క్రోల్ బార్ వెడల్పు, మెనూ అక్షరాలు దేనికది విడివిడిగా అమర్చుకోవచ్చు. ఇంత సూక్ష్మమైన స్వేచ్ఛను ఇంత తేలిగ్గా ఇచ్చిన ఈ పేజీ ఆ తరువాతి కొన్ని విండోస్‌లలోనూ కొనసాగింది.

విండోస్ 95కు తోడుగా విడిగా అమ్మిన మైక్రోసాఫ్ట్ ప్లస్ ప్యాక్ ‘డెస్క్‌టాప్ థీమ్’ అన్న భావనను ప్రచారంలోకి తెచ్చింది. వాల్‌పేపర్, రంగులు, అక్షరాలు, ఐకాన్లు, మౌస్ గుర్తులు, శబ్దాలు, స్క్రీన్‌సేవర్ అన్నింటినీ ఒకే ఇతివృత్తం కిందికి తెచ్చి, ఒక్క ఎంపికతో మార్చడం దీని ప్రత్యేకత. డేంజరస్ క్రీచర్స్, లియొనార్డో డా విన్సీ, మిస్టరీ, ఇన్‌సైడ్ యువర్ కంప్యూటర్ వంటివి ఆ ప్యాక్‌లోని థీములు. 1998 జూన్‌లో వచ్చిన విండోస్ 98లో థీములు వ్యవస్థలోనే భాగమయ్యాయి.

తొడుగుల ఉద్యమం

మైక్రోసాఫ్ట్ ఇచ్చిన థీములు రంగులు మార్చేవే తప్ప ఆకారం మార్చేవి కావు. బొత్తం చతురస్రంగానే ఉండేది, అంచు తిన్నగానే ఉండేది. ఆ లోటును బయటివారు పూరించారు. 1998లో అమెరికాలోని స్టార్‌డాక్ సంస్థ తెచ్చిన విండోబ్లైండ్స్, విండోల అంచులు గీసే పనిని విండోస్ చేతిలోంచి తన చేతిలోకి తీసుకుని, వాటికి ఏ ఆకారమైనా తొడిగింది. లైట్‌స్టెప్ మరో అడుగు ముందుకేసి స్టార్ట్ మెనూ, టాస్క్‌బార్ ఉన్న షెల్‌నే పక్కకు నెట్టి దాని చోట తాను కూర్చుంది. అదే రోజుల్లో విన్‌యాంప్ అనే పాటల ప్రోగ్రామ్‌కు వేలాది తొడుగులు (స్కిన్లు) తయారయ్యాయి. మ్యాక్ వాడకందార్లకు కెలైడోస్కోప్ ఇలాంటి పనే చేసిపెట్టింది.

ఈ తొడుగులను చేసినవారిలో ఎక్కువమంది జీతం కోసం చేసినవారు కారు. ఒక బొత్తాన్ని మామూలుగా ఉన్నప్పుడు, మౌస్ పైకొచ్చినప్పుడు, నొక్కినప్పుడు, పనిచేయనప్పుడు ఎలా కనిపించాలో నాలుగు రకాలుగా గీసి, వెలుగునీడలు సరిచూసి, ఉచితంగా పంచిపెట్టారు. 2000 ఆగస్టులో మొదలైన డీవియంట్‌ఆర్ట్ తొలి రోజుల్లో ఇలాంటి తొడుగుల మార్పిడికే పేరుపొందింది. కంప్యూటర్ తెరల రూపకల్పనను చాలామంది చదువుగా కాక, ఈ అభ్యాసం ద్వారానే నేర్చుకున్నారు.

విండోస్ ఎక్స్‌పీ: లూనా

2001 అక్టోబరు 25న విడుదలైన విండోస్ ఎక్స్‌పీ ఈ చరిత్రలో ప్రధాన మలుపు. దీని రూపానికి లూనా అని పేరు. నీలం, ఆలివ్ ఆకుపచ్చ, వెండి అనే మూడు రంగుల్లో అది దొరికేది. దానితోపాటు వచ్చిన ‘బ్లిస్’ వాల్‌పేపర్, చార్లెస్ ఓరియర్ 1996లో కాలిఫోర్నియా సోనోమా కౌంటీలో తీసిన పచ్చని గుట్ట ఫొటో. తెలుగునాట ఇళ్లలో, ఆఫీసుల్లో, నెట్ సెంటర్లలో కంప్యూటర్ తొలిసారి ముట్టుకున్న ఒక తరానికి ఆ గుట్ట, ఆ నీలం టాస్క్‌బార్, ఆకుపచ్చ స్టార్ట్ బొత్తమే కంప్యూటర్ ముఖం.

లూనా వెనకున్న ఏర్పాటు పేరు విజువల్ స్టైల్. దాని ఫైలులో బొత్తాలు, అంచులు, ట్యాబ్‌ల బొమ్మలు, వాటిని ఎలా వాడాలో చెప్పే సూచనలు కలిసి ఉంటాయి. ఒక బొత్తానికి ఉన్న వేర్వేరు స్థితులు ఒకే పట్టీలో వరుసగా గీసి ఉంటాయి. బొత్తాన్ని ఎంత వెడల్పుకైనా సాగదీయాలి కాబట్టి బొమ్మను తొమ్మిది ముక్కలుగా లెక్కిస్తారు. నాలుగు మూలలూ ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి, అంచులు ఒక దిశలో సాగుతాయి, నడిమి భాగం రెండు దిశల్లోనూ సాగుతుంది. మూలల గుండ్రదనం చెడకుండా నిలిచింది ఈ లెక్క వల్లే. పాత ప్రోగ్రాములకు మాత్రం లూనా సగమే అంటేది. వాటి విండో అంచులు కొత్తగా, లోపలి బొత్తాలు పాత బూడిద రంగులో కనిపించేవి.

ఇంత మంచి ఏర్పాటుకు మైక్రోసాఫ్ట్ ఒక తాళం వేసింది. తన డిజిటల్ సంతకం ఉన్న స్టైళ్లనే విండోస్ ఒప్పుకుంటుంది. సంతకాన్ని పరిశీలించేది యుఎక్స్‌థీమ్ అనే సిస్టమ్ ఫైలు. ఔత్సాహికులు ఆ ఫైలులో పరిశీలన చేసే భాగాన్ని సవరించి దారి తెరిచారు. విండోస్ తన సిస్టమ్ ఫైళ్లను కాపాడుకుంటూ పాత ఫైలును మళ్లీ తెచ్చి పెట్టేది కాబట్టి, ముందు ఆ కాపలాను దాటాల్సి వచ్చేది. మైక్రోసాఫ్ట్ స్వయంగా సంతకం చేసి ఇచ్చిన కొత్త స్టైళ్లు వేళ్ల మీద లెక్కపెట్టదగినవే. మీడియా సెంటర్ 2005తో వచ్చిన రొయేల్, 2006లో వచ్చిన ‘జూన్’ (Zune) వాటిలో ముఖ్యమైనవి.

ఎక్స్‌పీకి కనీస అవసరం 64 మెగాబైట్ల ర్యామ్. మెమరీ తక్కువ ఉన్న యంత్రాల్లో లూనాను ఆపేసి పాత క్లాసిక్ రూపానికి మారితే కొంత భారం తగ్గేది. అలంకరణ తీసేయడం కూడా అందుకే ఒక ముఖ్యమైన ఎంపికగా నిలిచింది.

విస్టా, విండోస్ 7: అద్దపు అంచులు

2007 జనవరి 30న మార్కెట్‌లోకి వచ్చిన విండోస్ విస్టాలో ఏరో రూపం విండోల అంచులకు అద్దపు మెరుపు తెచ్చింది. అంతకుముందు ప్రతి ప్రోగ్రామూ నేరుగా తెర మీదే గీసేది. విస్టాలో ప్రతి విండో మొదట మెమరీలో తన చోట తాను గీసుకుంటుంది, డెస్క్‌టాప్ విండో మేనేజర్ వాటన్నిటినీ గ్రాఫిక్స్ కార్డు సాయంతో తెరపై కలిపి చూపుతుంది. అద్దం వెనకున్నది మసకగా కనిపించడం దీనివల్లే సాధ్యమైంది. దానికి తగిన గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రాల్లో, హోమ్ బేసిక్ ప్రతుల్లో ఆ అందం రాలేదు. ‘విస్టా కేపబుల్’ అని స్టిక్కర్ అంటించి అమ్మిన కొన్ని కంప్యూటర్లు ఏరోను నడపలేకపోవడంతో అమెరికాలో మైక్రోసాఫ్ట్‌పై 2007లో దావా కూడా పడింది.

2009 అక్టోబరు 22న వచ్చిన విండోస్ 7, వాల్‌పేపర్ల వరుసను, రంగును, శబ్దాలను ఒకే ఫైలుగా చుట్టి పంచుకునే థీమ్‌ప్యాక్‌ను తెచ్చింది. అయితే రూపాన్ని మార్చుకునే హక్కు కొన్న ప్రతిని బట్టి మారింది. నెట్‌బుక్‌లలో వచ్చిన స్టార్టర్ ప్రతిలో వాల్‌పేపర్ మార్చడానికి కూడా వీల్లేదు. భారత్ వంటి మార్కెట్లలో అమ్మిన హోమ్ బేసిక్‌లో అద్దపు అంచులు లేవు. కాపీ విండోస్‌ను పట్టుకోవడానికీ మైక్రోసాఫ్ట్ డెస్క్‌టాప్‌నే వాడుకుంది. 2008లో ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌కు వచ్చిన అప్‌డేట్, సరైన లైసెన్సు లేదని తేలితే గంటకోసారి డెస్క్‌టాప్‌ను నల్లగా మార్చేది.

విండోస్ 8 నుంచి 11 వరకు

2012 అక్టోబరు 26న వచ్చిన విండోస్ 8 అద్దపు అంచులను తీసేసి చదునైన రంగుల మెట్రో రూపానికి మారింది. స్టార్ట్ బొత్తాన్ని తొలగించి, పలకలతో నిండిన స్టార్ట్ తెరను పెట్టింది. డెస్క్‌టాప్ విండో మేనేజర్ ఎప్పుడూ నడిచి తీరాలన్న నియమంతో పాత క్లాసిక్ రూపం పోయింది. ఒక్కో భాగానికి విడివిడిగా రంగు ఎంచుకునే పేజీ కూడా దానితోపాటే పోయింది. పాత మెనూను తిరిగి తెచ్చే క్లాసిక్ షెల్, స్టార్ట్8 వంటి ప్రోగ్రాములకు దీంతో గిరాకీ పెరిగింది. 2013 అక్టోబరులో వచ్చిన విండోస్ 8.1లో బొత్తం మళ్లీ కనిపించింది.

2015 జులై 29న విడుదలైన విండోస్ 10లో యాక్టివేషన్ చేయని యంత్రాల్లో పర్సనలైజేషన్ పేజీ తాళం పడే ఉంటుంది. 2016 ఆగస్టు అప్‌డేట్ యాప్‌లకు డార్క్ మోడ్ ఎంపిక తెచ్చింది. 2018 అక్టోబరులో అది ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌కు కూడా వచ్చింది. 2021 అక్టోబరు 5న వచ్చిన విండోస్ 11 మూలలను మళ్లీ గుండ్రం చేసి, టాస్క్‌బార్ ఐకాన్లను నడిమికి జరిపింది. విడుదలైనప్పుడు టాస్క్‌బార్‌ను తెర పక్కలకో పైకో జరిపే వీలు లేదు. విండోస్ 95 నుంచీ ఉన్న వెసులుబాటు అది. దాన్ని పూడ్చడానికి ఎక్స్‌ప్లోరర్‌ప్యాచర్ వంటి సవరణ ఉపకరణాలు వచ్చాయి. ఇలాంటివి విండోస్ అప్‌డేట్లు వచ్చినప్పుడు చెడిపోయే ప్రమాదం ఉంటుంది.

ఇతర వ్యవస్థల్లో

ఆపిల్ 1998లో మ్యాక్ ఓఎస్ 8.5 కోసం సిద్ధం చేసిన అదనపు థీములను విడుదలకు ముందే పక్కన పెట్టింది. 2018 సెప్టెంబరులో మ్యాక్ ఓఎస్ మొహావీతో మ్యాక్‌కు డార్క్ మోడ్ ఇచ్చింది. లినక్స్‌లో కేడీఈ డెస్క్‌టాప్ రూపాన్ని మార్చుకునే స్వేచ్ఛను తన గుర్తింపుగా నిలుపుకుంది. మరో డెస్క్‌టాప్ అయిన గ్నోమ్ వైపు మాత్రం 2019లో కొందరు యాప్ రచయితలు తమ యాప్‌లకు పంపిణీదారులు థీములు తొడగవద్దని బహిరంగ లేఖ రాశారు. తాము పరీక్షించని రంగుల్లో అక్షరాలు కనిపించకపోతే ఫిర్యాదులు తమకే వస్తాయన్నది వారి బాధ. అందులో న్యాయం ఉంది. 2024 సెప్టెంబరులో గ్నోమ్ 47 యాక్సెంట్ రంగులు ఎంచుకునే వీలు కల్పించింది.

తెలుగు అక్షరాలు, తెర రూపం

తెలుగు చదివేవారికి ఈ విషయంలో ప్రత్యేకమైన అవసరం ఉంది. గుడులు అక్షరం పైకి, ఒత్తులు కిందికి పోతాయి. ఇంగ్లిషు అక్షరాల కొలతకు కుదిర్చిన మెనూలో ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ వంటి మాటలు ఇరుకున పడతాయి, చిన్న సైజులో ఒత్తులు అలుక్కుపోతాయి. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. విండోస్ 7తో వాణి, విండోస్ 8తో పలు భారతీయ లిపులకు మెనూల్లో వాడే నిర్మలా యూఐ చేరాయి. మెనూలనే తెలుగులోకి మార్చే భాషా ప్యాక్‌లూ వచ్చాయి. అక్షరాల సైజును, వరుసల ఎత్తును పెంచుకునే వీలు తెలుగులో పనిచేసేవారికి చదవగలగడానికి సంబంధించిన విషయం.

దృష్టి సౌలభ్యం, ప్రాముఖ్యత

థీములను చాలామంది కుర్రకారు సరదాగా కొట్టిపారేశారు. కానీ నల్లని తెరపై తెల్లని అక్షరాలు చూపే హై కాంట్రాస్ట్ ఏర్పాటు విండోస్ 95లోనే ఉంది. ఎడమ ఆల్ట్, ఎడమ షిఫ్ట్, ప్రింట్ స్క్రీన్ మీటలు కలిపి నొక్కితే అది వచ్చేది. తక్కువ చూపు ఉన్నవారు కంప్యూటర్ మీద ఉద్యోగం చేయగలగడానికి ఆధారమైంది, రంగులు మార్చే ఆ పాత యంత్రాంగమే. దాన్ని కుదించినప్పుడు మొదట నష్టపోయిందీ వారే. 2017లో విండోస్ 10 మెనూలకు, టైటిల్ బార్లకు విడివిడిగా అక్షరాల సైజు పెట్టుకునే వీలు తీసేసింది. 2018 అక్టోబరులో మొత్తం అక్షరాలను 225 శాతం వరకు పెంచే ఏర్పాటు ఇచ్చింది. విండోస్ 11లో హై కాంట్రాస్ట్ నాలుగు కొత్త కూర్పులతో కాంట్రాస్ట్ థీములుగా మారింది.

లూనా, ఏరో, మెట్రో ఒకదాని తరువాత ఒకటి వచ్చి పోయాయి. రంగుల కాంట్రాస్ట్, అక్షరాల సైజు, ముదురు నేపథ్యం మాత్రం రూపం మారినా నిలిచాయి. ఈ సౌకర్యాల్లో డార్క్ మోడ్ వంటివి కంపెనీలు ఇవ్వకముందే వాడకందార్లు సొంత తొడుగులతో సాధించుకున్నవి. అందువల్ల కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ రూపాన్ని అంచనా వేసేటప్పుడు అది చూడ్డానికి ఎంత కొత్తగా ఉందన్నది ఒక్కటే చాలదు. కళ్లు, భాష, అలవాటు వేరైన మనిషి దాన్ని తనకు తగ్గట్టు ఎంతవరకు మార్చుకోగలడన్నది అంతకన్నా పెద్ద కొలబద్ద.