కాలిన కప్పు మళ్ళీ వేయాలంటే

2019 ఏప్రిల్ 15 సాయంత్రం పారిస్‌లో నోత్రదామ్ కేథడ్రల్ పైకప్పు అంటుకుంది. లోపలి ఓక్ దూలాలు ఎంత దట్టంగా ఉండేవంటే, జనం ఆ చోటును ‘అడవి’ అనేవారు. చాలావరకు 13వ శతాబ్దం నాటి ఆ కలపా, దాని మీది సుమారు 210 టన్నుల సీసపు రేకులూ ఒక్క రాత్రిలో పోయాయి. 1859లో వ్యోలే-ల-ద్యుక్ నిలిపిన శిఖరం రాతి కప్పును చీల్చుకుంటూ కూలిపడింది. పొగ ఆరకముందే దేశమంతటా చర్చ మొదలైంది: కొత్త కప్పు దేనితో వేయాలి?

ఫ్రాన్సుకు ఈ ప్రశ్న కొత్త కాదు.

1836 జూన్ 4న షార్త్ర్ కేథడ్రల్ కప్పు మరమ్మతుల సమయంలో అంటుకుంది. రాతి కమానులు నిలిచాయి, పైనున్న కలప మాత్రం మిగల్లేదు. అది ఇనుప వంతెనలు లేస్తున్న కాలం. మళ్ళీ కలప వేసి మళ్ళీ నిప్పుకు అప్పగించడమెందుకని, పోత ఇనుముతో కమానుల వరుస నిలబెట్టి పైన రాగి రేకులు పరిచారు. ఎండకూ వానకూ రాగి మీద పట్టే ఆకుపచ్చ పొరే లోపలి లోహానికి రక్ష. బోస్ మైదానంలోని గోధుమ చేల మీదుగా ఆ పచ్చని కప్పు ఇవాళ్టికీ దూరం నుంచే కనిపిస్తుంది.

ఫ్రెంచి రాజుల పట్టాభిషేకాలు జరిగిన రీమ్స్ కేథడ్రల్‌కు యుద్ధం నిప్పు పెట్టింది. 1914 సెప్టెంబర్ 19న జర్మన్ ఫిరంగి గుండ్లకు ఉత్తర గోపురం చుట్టూ ఉన్న పరంజా రగిలి, మంటలు కప్పుకు పాకాయి. కరిగిన సీసం, వాననీళ్ళు పోయే రాతి బొమ్మల నోళ్ళలోంచి కారి అక్కడే గడ్డకట్టింది. పునర్నిర్మాణం చేపట్టిన ఆర్కిటెక్ట్ ఆంరీ డెన్యూ ఆ ఊరివాడే. ఆయన కాంక్రీటును ఎంచుకున్నాడు. భారీ దూలాలను అంత ఎత్తుకు ఎక్కించే బదులు, చిన్న చిన్న ముక్కలుగా పోతపోయించి, పైన జోడించి, ఓక్ చీలలతో బిగించాడు. పొట్టి చెక్కలతో పెద్ద కప్పులు నిలిపే ఉపాయం 16వ శతాబ్దంలో ఫిలిబేర్ ద లోర్మ్ చెప్పిందే; డెన్యూ దాన్ని కాంక్రీటులోకి తెచ్చాడు. అమెరికన్ ధనికుడు రాక్‌ఫెల్లర్ విరాళం తోడైంది. 1938లో కేథడ్రల్ పూర్తిగా తెరుచుకుంది.

అంటే నోత్రదామ్ వంతు వచ్చేసరికి ఇనుమూ కాంక్రీటూ రెండూ పరీక్షకు నిలిచి ఉన్నాయి. శిఖరం కోసం అంతర్జాతీయ పోటీ పెడతామని ప్రధాని ఎదువార్ ఫిలిప్ ప్రకటించారు. కొందరు గాజు కప్పు గీశారు, కొందరు మిద్దెతోట గీశారు. చివరికి 2020 జూలైలో తీర్మానం మరోలా వచ్చింది: పాత రూపమే, పాత సామగ్రే. అందుకు గట్టి ఆధారమూ ఉంది. ఇద్దరు ఆర్కిటెక్టులు 2014లోనే ఆ దూలాలను కొలిచి పటాలు గీసి ఉంచారు. ఆ గోడలు మోయగలిగిన బరువేమిటో ఎనిమిది శతాబ్దాలు రుజువు చేశాయి. అన్నిటికన్నా ముఖ్యం, అలాంటి పని తెలిసిన వడ్రంగులు ఇంకా ఉన్నారు.

ఆ పనితనం చూడదగ్గది. సుమారు 2,000 ఓక్ చెట్లు కొట్టారు. ప్రధాన కప్పు దూలాలను, కలప పచ్చిగా ఉండగానే, చేతిగొడ్డళ్ళతో చెక్కారు. రంపం తిన్నగా కోసుకుపోతూ కలప నారను తెంచేస్తుంది. గొడ్డలి నార వెంబడే పోతుంది. మాను కాస్త వంగితే దూలమూ వంగుతుంది, బలం మాత్రం తగ్గదు.

పాత పొరపాటును మాత్రం తిరిగి కట్టలేదు. కప్పును భాగాలుగా విడదీసి మంట పాకకుండా అడ్డుగోడలు పెట్టారు, నీటి తుంపర చల్లే గొట్టాలు వేశారు. 2024 డిసెంబర్‌లో తలుపులు తెరిచారు.

సీసం మీద వాదన ఇంకా తెగలేదు. అగ్నిప్రమాదంలో సీసపు ధూళి చుట్టుపక్కల వీధుల్లో, బడుల్లో పడింది. విషమని తెలిసీ మళ్ళీ అదే లోహమా అని ఆరోగ్య సంఘాలు, తల్లిదండ్రులు అడిగారు. కప్పు మీంచి జారే వాననీటిని వడగట్టే ఏర్పాటు చేస్తామన్నది నిర్మాతల జవాబు. అది ఎంతవరకు పనిచేస్తుందో ఏటేటా పరీక్షించి, ఆ ఫలితాలను అక్కడి జనం ముందు పెట్టాల్సిన బాధ్యత వాళ్ళదే.