చిల్లు పెడితేనే పనికొచ్చే టైరు

మా కాలనీ పార్కులో సిమెంటు బల్లలు విరిగి ఏడాదైంది. కొత్తవి వేయించడానికి డబ్బు లేదు. పాత టైర్లతో రెండు మూడు పీటలు చేసి పెడదామని నలుగురం అనుకున్నాం. సందు చివర పంక్చర్ షాపు ముందు ఎప్పుడూ ఒక టైర్ల గుట్ట ఉంటుంది. షాపాయన ఆరు కారు టైర్లు ఏరి ఇచ్చాడు, డబ్బులు కూడా వద్దన్నాడు. తీసుకెళ్లే ముందు ఒక్కో టైరు పక్కగోడకు డ్రిల్లుతో నాలుగేసి చిల్లులు పెట్టిమ్మని అడిగాను. ఆయన చేతిలో లివరు కింద పెట్టి నా మొహంలోకి చూశాడు.

"ముప్ఫయ్యేళ్ల నుంచీ చిల్లులు పూడ్చడమే నా పని మాస్టారూ. చిల్లు పెట్టమని వచ్చింది మీరొక్కరే."

నవ్వులాటకే అన్నాడు గానీ, టైరు కథంతా ఆ మాటలోనే ఉంది. లోపలి గాలి బయటికి పోకుండా చూసుకోవడంతో టైరు పుట్టింది. లోపల నీళ్లు నిలవకుండా చూసుకోవడంతో అది పార్కులో కుదురుకుంది. తమాషా ఏమిటంటే, ఈ కథకు రెండు కొసల్లోనూ పిల్లలే ఉన్నారు.

మొదటి కొస బెల్‌ఫాస్ట్‌లో ఉంది. 1887లో ఆ ఊళ్లో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువుల డాక్టరు ఉండేవాడు, పుట్టిల్లు స్కాట్లండ్. ఆయన కొడుక్కి ఒక మూడు చక్రాల సైకిలుండేది. అప్పటి సైకిళ్ల చక్రాలకు గట్టి రబ్బరు పట్టీ మాత్రమే ఉండేది. రాళ్లు పరిచిన వీధిలో తొక్కుతుంటే పళ్లు టకటకా కొట్టుకునేవి. డన్‌లప్ ఒక చెక్క బిళ్ల చుట్టూ పలచని రబ్బరు గొట్టం చుట్టి, పైన గుడ్డ బిగించి, మేకులు కొట్టి, గాలి నింపాడు. దాన్నీ, కొడుకు సైకిలు చక్రాన్నీ పెరట్లో దొర్లించి చూశాడు. సైకిలు చక్రం సగం దూరం పోయి పక్కకు వాలిపోయింది. గాలి చక్రం పెరడంతా దాటి, గేటుకు కొట్టుకుని వెనక్కి ఎగిరింది. మరుసటి ఏడాది ఫిబ్రవరి చివర్లో ఒక రాత్రి కొడుకు సైకిలుకు గాలి టైర్లు తొడిగి వీధిలోకి పంపాడు. ఆ 1888లోనే పేటెంటు వచ్చింది.

ఆ పేటెంటు నిలబడలేదనుకోండి. రాబర్ట్ థామ్సన్ అనే మరో స్కాట్లండ్ మనిషి ఇదే ఆలోచనకు 1845లోనే పేటెంటు తీసుకున్నాడని తర్వాత బయటపడింది. గుర్రబ్బండ్ల కాలంలో గాలి చక్రం ఎవరికీ అక్కర్లేకపోయింది, పాపం. సైకిలు వచ్చాక అదే చక్రం కోసం జనం ఎగబడ్డారు. ఎవరిది ముందు అన్న తగువు ఎలా ఉన్నా, డన్‌లప్ చేసిన గాలి టైర్ల మీద మొదట ఊరేగింది మాత్రం ఒక కుర్రాడు. ఆట కోసం పుట్టిన వస్తువు కార్లకీ, లారీలకీ, విమానాలకీ వలస పోయి, అరిగిపోయి మళ్లీ ఆటస్థలానికి చేరడానికి చాలా కాలం పట్టింది.

అంత కాలం ఎందుకు పట్టిందంటే, అరిగిన టైరును ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. పచ్చి రబ్బరు ఎండకు జిగురవుతుంది, చలికి పెళుసవుతుంది. దానికి గంధకం కలిపి కాచే ఉపాయం 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్‌కి దొరికింది. దారాల్లా విడివిడిగా ఉండే రబ్బరు పోగుల మధ్య గంధకం ముడులు వేస్తుంది. సాగదీస్తే సాగి, వదిలితే మళ్లీ యథాస్థానానికి వచ్చే గుణం ఆ ముడుల వల్లనే. చిక్కల్లా ఆ ముడులు మళ్లీ విప్పడమే. ప్లాస్టిక్ బకెట్టును కరిగించి మళ్లీ బకెట్టు పోసుకోవచ్చు. టైరు కరగదు, కాలుతుంది. దానికి తోడు లోపల నైలాన్ దారాలు, ఉక్కు తీగలు. ఇవన్నీ రబ్బరుతో ఎంతగా పెనవేసుకుంటాయంటే, విడదీయడానికి పెద్ద యంత్రాలే కావాలి.

పూడ్చిపెడితే పడి ఉంటుందా అంటే అదీ లేదు. కడుపులో గాలీ గ్యాసూ పట్టి, చెత్త డంపుల్లో పాతిన టైర్లు మెల్లగా పైకి తేలి వస్తాయి. గుట్టపోసి వదిలేస్తే ఏదో ఒకనాటికి నిప్పంటుకుంటుంది. వేల్స్‌లోని హేయోప్ అనే చోట 1989లో ఇలాగే ఒక టైర్ల గుట్ట అంటుకుంది. దాదాపు కోటి టైర్లంటారు. పదిహేనేళ్లు లోలోపల రాజుకుంటూనే ఉంది. సముద్రంలో పడేస్తే? అదీ చేసి చూశారు. 1970ల్లో ఫ్లోరిడా తీరంలో సుమారు 20 లక్షల టైర్లను కట్టలు కట్టి ముంచారు. వాటి మీద పగడాలు పెరుగుతాయనీ, చేపలు కాపురం పెడతాయనీ ఆశ. కట్లు తుప్పుపట్టి తెగిపోయాయి. విడిపోయిన టైర్లు అలలకు దొర్లుతూ పక్కనున్న అసలైన పగడపు దిబ్బల్ని గుద్దడం మొదలుపెట్టాయి. దశాబ్దాల తర్వాత గజ ఈతగాళ్లను దింపి ఒక్కొక్కటే పైకి లాగించాల్సి వచ్చింది. పెద్దవాళ్లు పెద్ద బుర్రలతో చేసిన పని అది.

మన పల్లెల్లో టైరు ఇంత భారం కాలేదు. ఎద్దుబండికి రబ్బరు చక్రాలు వేసి టైరుబండి అన్నాం. అది అరిగితే చెప్పులు కుట్టుకున్నాం. పొలం గట్ల మీద టైరు చెప్పులకున్న మర్యాద మరే చెప్పులకీ లేదు, ముల్లు దిగదు. ఆ చెప్పులకు నైలాన్ టైరే కావాలి, రేడియల్ టైరు కోస్తే ఉక్కు తీగలు కత్తిని తినేస్తాయి. ఇక సైకిలు టైరు పాతబడితే అది వీధిలో పిల్లల ఆస్తి. చేతిలో ఒక పుల్ల, ముందు ఒక టైరు ఉంటే చాలు, బస్సు డ్రైవరైనా కావచ్చు, పోలీసైనా కావచ్చు. టైరుతో ఆడుకోవచ్చని ఏ ఇంజనీరూ కనిపెట్టలేదు. ఇంజనీర్లు చేసిందల్లా పిల్లల్ని చూసి నేర్చుకోవడం.

అలా చూసి నేర్చుకున్నవాళ్లలో ముందు చెప్పుకోవలసింది డెన్మార్క్‌కి చెందిన కార్ల్ థియోడర్ సొరెన్‌సెన్‌ని. పార్కులు గీసే పని ఆయనది. ముచ్చటగా తీర్చిన ఆటస్థలాల్ని వదిలేసి, ఇళ్లు కట్టేచోట పడి ఉన్న పలకల్లో, ఇటుకల్లో పిల్లలు ఆడుకోవడం ఆయన కంటబడింది. ఆ చెత్తనే ఆటస్థలం చేస్తే పోలా అని 1931లోనే రాశాడు. 1943లో, కోపెన్‌హేగెన్ జర్మన్ సైన్యం చేతిలో ఉండగా, ఊరి అంచున ఎమ్‌డ్రప్‌లో ఆ పని నిజంగా జరిగింది. యుద్ధం అయ్యాక 1946లో మార్జరీ అలెన్ అనే ఇంగ్లిషావిడ, ఆమె కూడా తోటలు గీసే మనిషే, అది చూసి వెళ్లి బాంబులు పడి ఖాళీ అయిన లండన్ స్థలాల్లో ఇలాంటివి పెట్టాలని పట్టుబట్టింది. తర్వాతి కాలంలో అక్కడి ఆటస్థలాల్లో తాడుకు వేలాడే టైరు ఉయ్యాల మామూలు దృశ్యమైంది. ఎవరో డిజైన్ చేశారని చెప్పడానికి లేదు. తాడు దొరికింది, టైరు దొరికింది, కట్టారు.

కావాలని, లెక్కవేసి, టైర్లతోనే ఒక పార్కును నింపింది జపాన్ వాళ్లు. టోక్యోలో ఓటా వార్డు చిన్న చిన్న వర్క్‌షాపులకు పేరుపడ్డ ప్రాంతం. అక్కడ రైలు పట్టాల పక్కన నిషి రొకుగో పార్కు ఉంది. 1969లో తెరిచారు. అందరూ దాన్ని టైర్ల పార్కు అనే పిలుస్తారు. మొత్తం మూడువేల టైర్లదాకా ఉంటాయి. ఒక మూల నల్లగా, మేడంత ఎత్తున గాడ్జిల్లా లాంటి మృగం నిలబడి ఉంటుంది, ఒళ్లంతా టైర్లే. మెట్లు టైర్లు, ఉయ్యాలలు టైర్లు, పాకే సొరంగాలు టైర్లు. కింద ఇసుక. నన్ను అడిగితే ఆ మృగం కన్నా గొప్పది, ఎక్కడా బిగించకుండా వదిలేసిన విడి టైర్లు. పిల్లలు వాటిని ఈడ్చుకుపోయి సిమెంటు ఏటవాలు మీద కూర్చుని జారుతుంటారు. బోల్టులతో బిగించిన పార్కులోనూ పుల్లా టైరూ ఆటకి కాస్త చోటు మిగిల్చారన్నమాట.

పెరూ రాజధాని లీమాలో 2010లో బసురామా అనే స్పెయిన్ కళాకారుల బృందం మరో వింత చేసింది. మధ్యలో ఆగిపోయిన ఎలివేటెడ్ రైలు మార్గం మొండి స్తంభాలకు టైరు ఉయ్యాలలు కట్టి దాన్ని వినోదాల పార్కు చేసింది. రైలు రాని చోటికి చక్రాలొచ్చాయి.

మన దేశంలో ఇలాంటి ఒక కథ చెప్పులతో మొదలైంది. ఖరగ్‌పూర్ ఐఐటీలో ఆర్కిటెక్చర్ చదువుకునే రోజుల్లో పూజా రాయ్ ఒక అనాథ శరణాలయానికి వెళ్లారు. అక్కడి పిల్లలు పాత చెప్పుల్ని రాకెట్లు చేసుకుని బ్యాడ్మింటన్ ఆడుతున్నారు. వాళ్లకో ఆటస్థలం కట్టిద్దామంటే బజారులో దొరికే ఉయ్యాలా జారుడుబల్లా ధర విద్యార్థులకు అందేది కాదు. చవకగా దొరికేదీ, వానకు తడిసినా ఎండకు ఎండినా చెక్కుచెదరనిదీ, పిల్లలు గుద్దుకున్నా దెబ్బ తగలనిదీ ఏమిటని వెతికితే టైరు కనిపించింది. గుడ్‌ఇయర్ వేసిన ముడి విప్పలేకపోవడం డంపు యార్డుకి శాపం. ఆటస్థలానికి అదే గ్యారంటీ కార్డు. స్నేహితులతో కలిసి మొదటిది కట్టాక, ఆంట్‌హిల్ క్రియేషన్స్ అని, అంటే చీమలపుట్ట అన్నమాట, బెంగళూరులో ఒక సంస్థ పెట్టారు. అప్పటి నుంచీ దేశంలో వందల చోట్ల టైర్ల ఆటస్థలాలు లేచాయి. ముందు పిల్లల్నే అడుగుతారట ఏం కావాలని. అడిగితే ఏనుగంటారు, బస్సంటారు. టైర్లు కడిగి, నాణ్యత చూసి, రంగులేసి, వాలంటీర్లే బిగిస్తారు.

ఇప్పుడు చిల్లు దగ్గరికి వద్దాం. టైరు ఎలా పడుకోబెట్టినా, నిలబెట్టినా ఎక్కడో ఒకచోట నీళ్లు పట్టుకుంటుంది. లోపలికి చేరినంత తేలిగ్గా ఆ నీళ్లు బయటికి ఒలకవు. నీడ, వెచ్చదనం, రాలిన ఆకులు. దోమకు ఇంతకంటే మంచి పురిటిల్లు దొరకదు. 1985లో అమెరికాలోని హ్యూస్టన్‌లో ఆసియా పులిదోమ స్థిరపడినట్టు బయటపడింది. ఆసియా నుంచి దిగుమతైన పాత టైర్లలో అంటుకున్న గుడ్లే సముద్రం దాటాయని శాస్త్రజ్ఞులు తేల్చారు. ఆ జాతి గుడ్లు ఎండిపోయినా చావవు, తడి తగిలితే పొదుగుతాయి. మన మున్సిపాలిటీ వాళ్లు శుక్రవారం డ్రైడే అంటూ ఇంటింటికీ తిరిగినప్పుడు కొబ్బరి బొండాలతో పాటు పాత టైర్ల కోసం వెతికేది అందుకే. డెంగీ భయంతో బజారు నుంచి తరిమేసిన టైరును పార్కులోకి పిలవాలంటే దాని అడుగున చిల్లు పడాల్సిందే. లేదా కడుపు నిండా మట్టి కూరాలి. రంగులూ ఏనుగు బొమ్మలూ ఫొటోలకు బాగుంటాయి. టైర్ల పార్కు బతికేది మాత్రం ఈ చిల్లు మీదే.

మిగతా పనంతా వడ్రంగం లాంటిదే. మేం చేసిన పీటకు రెండు కారు టైర్లు ఒకదాని మీద ఒకటి పెట్టి నాలుగు బోల్టులతో బిగించాం, వాషర్లు పెద్దవి వేయాలి, లేకపోతే రబ్బరులోకి దిగిపోతాయి. పై నోటికి నులకమంచం అల్లినట్టు నైలాన్ తాడు అల్లాం. ప్లైవుడ్ వేస్తే త్వరగా అవుతుంది గానీ వానకు ఉబ్బుతుంది. పిల్లలు ఎక్కి దూకే వరస కావాలంటే టైర్లను నిలువుగా సగందాకా పాతాలి. మూడో వంతు పాతితే చాలంటారు కొందరు, నాకు నమ్మకం లేదు, మా వీధి పిల్లల్ని చూశాను కాబట్టి. మన ఎండకు నల్ల టైరు పెనంలా కాలుతుంది, లేత రంగు తప్పదు. తీగలు బయటికి పొడుచుకొచ్చిన టైరును ఎంత ముద్దొచ్చినా తిప్పి పంపెయ్యాలి.

టైరు పూర్తిగా అమాయకమైంది కూడా కాదు. రబ్బరు పగలకుండా కలిపే 6పీపీడీ అనే రసాయనం గాలిలోని ఓజోన్ తగిలి మారి, వాననీళ్లతో వాగుల్లోకి చేరి కోహో సాల్మన్ చేపల్ని చంపుతోందని 2020లో అమెరికా శాస్త్రజ్ఞులు పట్టుకున్నారు. అందుకే ఆటస్థలాల్లో నేల మీద టైరు పొడి పరవడం నాకు ఇష్టం లేదు. గుండ చేసినకొద్దీ గాలికీ నీటికీ తగిలే ఒళ్లు పెరుగుతుంది. నిండు టైరు కొంత నయం. అయినా దాంట్లో కూరగాయలు పెంచనూ, పెంచమని చెప్పనూ.

మా పీటలు మూడు పూర్తయిన సాయంత్రం షాపాయన చూడ్డానికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. కుళాయి దగ్గర మగ్గు తెచ్చి తాడు అల్లిక సందుల్లోంచి నీళ్లు పోసి, గొంతుక్కూర్చుని అడుగున చూశాడు. రోజూ ట్యూబును తొట్టిలో ముంచి, బుడగలొస్తే పెదవి విరిచే మనిషి. నాలుగు చిల్లుల్లోంచీ నీళ్లు బొటబొటా కారుతుంటే తలూపాడు.

"పంక్చర్ బాగా పడింది మాస్టారూ" అన్నాడు.