వానలెక్క నడిచిన దారి

వాన ఎంత పడిందని అడిగితే దక్షిణ రాయలసీమ రైతు ఒకప్పుడు నేల తడిసిన పదునుతో చెప్పేవాడు. సర్కారేమో అంగుళాలు, సెంట్లలో రాసుకునేది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది, 1911లో చిత్తూరు జిల్లా అవతరించింది. ఆ తర్వాత కొన్ని తరాల పాటు తాలూకా కచేరీ ఆవరణలోని వానకొలత పాత్రే జిల్లా వానకు సాక్షి. పొద్దున్నే ఒక ఉద్యోగి నీళ్లు కొలిచి రిజిస్టరులో ఎక్కించేవాడు. ఆ అంకె టపాలోనో తంతిలోనో పైకి వెళ్లేది. కొలవడం ఎన్నడూ పెద్ద చిక్కు కాలేదు. కొలిచిన అంకె ఎవరికి చేరాలి, ఎంతసేపట్లో చేరాలి అన్నదే చిక్కు.

గడచిన శతాబ్దం చివరి దశకంలో ఈ నేలకు అరుదైన గౌరవం దక్కింది. తిరుపతికి పడమటి దిక్కున గాదంకిలో 1992లో జాతీయ ఎం.ఎస్.టి. రాడార్ కేంద్రం వెలిసింది. 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే 1,024 యాగీ యాంటెన్నాలు పైగాలుల పోకడను పసిగట్టసాగాయి. 2005లో ఆ కేంద్రమే జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల అయింది. అటు శ్రీహరికోట నుంచి 2002 సెప్టెంబరు 12న ఎగిరిన మెట్‌శాట్ ఉపగ్రహం (తర్వాత కల్పన-1గా పేరు మారింది) మబ్బుల బొమ్మలు తీయడంతో సరిపెట్టుకోలేదు. మనిషి కాపలా లేని వాతావరణ కేంద్రాల కొలతలను అందుకుని కిందికి చేరవేసే సాధనాన్నీ మోసుకెళ్లింది. అప్పట్లో శ్రీహరికోట నెల్లూరు జిల్లాది. 2022 విభజనతో తిరుపతి జిల్లాకు వచ్చింది. ఆ ఘనతలో మనం వాటా అడిగితే నెల్లూరువారు నొచ్చుకోకూడదు మరి. అయితే ఈ అంకెలన్నీ చాలాకాలం రైతు నెత్తిమీదుగానే సాగిపోయాయి.

వానలెక్కను ఊళ్లోకి దించింది 2003లో మొదలై, నెదర్లాండ్స్ ధనసాయంతో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో సాగిన రైతుల భూగర్భజల యాజమాన్య పథకం. చిత్తూరుతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో ఆడా మగా రైతులే రోజూ వాన కొలిచారు, పదిహేను రోజులకోసారి బోర్లలో నీటిమట్టం చూశారు, ఆ లెక్కలను అందరికీ కనబడేలా ఊరి గోడకెక్కించారు. రబీకి ముందు కూర్చుని, ఉన్న నీళ్లకు ఏ పంట ఎన్ని ఎకరాలు తగునో మాట్లాడుకున్నారు. నన్నడిగితే, ఈ కథలో అసలు మలుపు ఏ యంత్రమూ కాదు, ఆ గోడే. ఆ తర్వాతి ఏళ్లలో బోరు మోటార్లకు సిమ్ కార్డు పెట్టిన స్టార్టర్లు వచ్చాయి. అర్ధరాత్రి కరెంటు వస్తే చేనికి పరుగెత్తే పని తప్పి, మంచం మీది నుంచే ఫోన్ కొట్టి మోటారు తిప్పడం అలవాటైంది. తీగ లేకుండా పొలంతో మాట్లాడటం మన రైతు నేర్చింది బహుశా ఆ స్టార్టర్లతోనే.

ఇక తీగలేని పరికరాలకు చట్టం తెరిచిన తలుపు 2005 నాటిది. ఆ ఏడు కేంద్రం 2.4 గిగాహెర్ట్జ్‌నూ 865–867 మెగాహెర్ట్జ్‌నూ తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు అక్కర్లేకుండా వదిలింది. గెజిట్ ప్రకటనలకు ఎవరు పండగ చేస్తారు? చిన్న పరికరాలను ఎవరైనా కూర్చుకునేందుకు పనికొచ్చే ఆర్డుయినో బోర్డు ఇటలీలో పుట్టిందీ ఆ ఏడే. 2014లో షాంఘైకి చెందిన ఎస్‌ప్రెసిఫ్ సంస్థ ఈఎస్‌పీ8266 చిప్పుతో వైఫైని కొన్ని వందల రూపాయలకు దించింది. 2016లో జియో వచ్చి డేటాను చవక చేసింది. వానా ఎండా నేల తేమా నమోదు చేసే పెట్టెను ఇంట్లోనే కూర్చుకోవడం కాలేజీ పిల్లల చేతిలో పనైంది.

కాని పొలం ఇల్లు కాదు. వైఫై మిద్దె దాటి నాలుగు కయ్యలు పోయేసరికి సన్నగిల్లుతుంది. తడిసిన మామిడి తోపు ఆ తరంగాన్ని మింగేస్తుంది. రాత్రింబవళ్లు మేలుకుని ఉండే పెట్టెకు చిన్న బ్యాటరీ రెండు రోజులు కూడా చాలదు. అందుకే అది పావుగంటకోసారి లేచి, కొలిచి, పంపి, మళ్లీ పడుకోవాలి. నెట్ అందని పూట కొలతలను మెమరీ కార్డులో దాచుకోవాలి. చవకగా దొరికే 2జీ మాడ్యూలులో జియో సిమ్ పనిచేయదు, ఆ సంస్థకు 2జీయే లేదు గనక. 865 మెగాహెర్ట్జ్ మీద నడిచే లోరా అనే రేడియో పద్ధతి వీటన్నిటికన్నా ఈ సీమకు తగినది. ఒక్కోసారి పంపేది కొన్ని అక్షరాలే అయినా, కొండ అడ్డు లేకుంటే కిలోమీటర్ల దూరం చేరుతుంది. పొలాల్లో ఎన్ని పెట్టెలున్నా, వాటి మాట అందుకునే గేట్‌వేకు ఊరంతటికీ ఒక్క ఇంట్లో ఇంటర్నెట్ ఉంటే చాలు. ఆ ఇల్లు ఎవరిదన్నది ఊరివాళ్లే తేల్చుకోవాలి.