పాత డ్రాయింగులు, కొత్త ఆటోక్యాడ్‌లు

ఆటోక్యాడ్‌లో గీసిన ఏ డ్రాయింగునైనా నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. తెర నిండా పిచ్చి గుర్తులే కనిపిస్తాయి గానీ మొట్టమొదటి ఆరు అక్షరాలు మాత్రం శుభ్రంగా చదవొచ్చు. ఏసీ1015 అని ఉంటే ఆటోక్యాడ్ 2000 కాలం నాటి ఫైలు. ఏసీ1021 అయితే 2007 నాటిది. ఏసీ1032 అంటే 2018 వెర్షన్లోనో ఆ తర్వాతి వెర్షన్లోనో సేవ్ చేసింది. ఆఫీసులో కొత్త వెర్షన్ వేశాక పాత ఫైలుతో పేచీ వస్తే ముందు చూడాల్సింది ఈ ఆరు అక్షరాలనే. ఆటోక్యాడ్ చరిత్ర చాలావరకు వాటిలోనే ఉంది.

ఈ డ్రాయింగులు దాచే డీడబ్ల్యూజీ ఫైలు వయసులో ఆటోక్యాడ్ కన్నా పెద్దది. 1970ల చివర్లో మైక్ రిడిల్ ఇంటరాక్ట్ అనే ప్రోగ్రాం రాశాడు. 1982లో జాన్ వాకర్, రిడిల్, మరికొందరు కలిసి పెట్టిన ఆటోడెస్క్ కంపెనీ దాన్నే పునాదిగా తీసుకుంది. మొదట అనుకున్న పేరు మైక్రోక్యాడ్, తొలి ఫైళ్లు ఎంసీ అనే అక్షరాలతోనే మొదలవుతాయి. ఆ నవంబరులో లాస్ వెగాస్ కామ్‌డెక్స్ ప్రదర్శనకు వచ్చేసరికి అది ఆటోక్యాడ్ అయింది. డీడబ్ల్యూజీ లోపలి అమరికను కంపెనీ బయటపెట్టలేదు. ఇతర ప్రోగ్రాంలతో ఇచ్చిపుచ్చుకోవడానికి డీఎక్స్ఎఫ్ అనే మరో ఫైలును తొలి వెర్షన్‌తోనే ఇచ్చింది. అది మామూలు అక్షరాల్లో ఉంటుంది, ఓపిక ఉంటే లేయరు పేరూ గీత మొదలూ చివరా కంటితోనే వెతికి పట్టుకోవచ్చు.

మొదటి పెద్ద కుదుపు 1994 నవంబరులో వచ్చిన రిలీజ్ 13. అంతకుముందు 11, 12 రిలీజులు రెండూ ఒకే ఫైలు పద్ధతి వాడాయి కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేకపోయింది. 13లో లోపలి నిర్మాణమే తిరగరాశారు. ఘనాకృతుల కోసం ఏసిస్ వచ్చింది, పేరాగ్రాఫులుగా రాసుకునే ఎంటెక్స్ట్ వచ్చింది, అసలైన ఎలిప్స్, స్ప్లైన్ వచ్చాయి. దాంతోపాటు లెక్కలేనన్ని బగ్గులూ వచ్చాయి. చాలా ఆఫీసులు 12 దగ్గరే ఆగిపోయి, 1997లో 14 వచ్చాకే కదిలాయి. 12లో ఎలిప్స్ అంటే చిన్న చిన్న చాపాలు అతికించిన పాలీలైన్ మాత్రమే. 13లో గీసిన ఎలిప్స్‌ను 12 కోసం సేవ్ చేస్తే మళ్లీ పాలీలైన్ అయిపోయేది. తిరిగి 13లో తెరిచినా పాలీలైన్‌గానే ఉండేది. పాతది కొత్తదానిలోకి ఎక్కడం తేలిక, కొత్తది పాతదానిలోకి దిగేటప్పుడే నష్టం. ఇప్పటికీ అంతే. ఆటోడెస్క్‌ను తిట్టేవాళ్లు సాధారణంగా మరిచిపోయే సంగతి కూడా ఇదే: తన పాత ఫైళ్లను చదివే విషయంలో ఆ కంపెనీ రికార్డు చాలా మంచిది.

2000 వెర్షన్ తర్వాత ఫైలు పద్ధతి మారడం ఒక క్రమంలో పడింది. 2004, 2007, 2010, 2013 అంటూ మూడేసి వెర్షన్లకొకసారి మారింది. ఇందులో సాంకేతిక అవసరం ఎంత, పక్క ఆఫీసు కొత్తది కొంది గనక మనమూ కొనక తప్పని పరిస్థితి తేవడం ఎంత అన్నది ఎవరి అనుమానం వాళ్లది. అన్నింటిలోకీ విచిత్రమైనది 2007. టెక్స్ట్ యూనికోడ్‌లోకి మారడం మంచిదే. కానీ ఫైలు లోపలి పేజీలను సీడీల్లో తప్పులు దిద్దడానికి వాడే రీడ్-సాలమన్ కోడింగ్‌తో చుట్టారు. 2010లో ఆ పద్ధతి వదిలేసి 2004 తరహా అమరికకే తిరిగి వెళ్లారు. 1998లో పుట్టిన ఓపెన్ డీడబ్ల్యూజీ అలయెన్స్ వంటి బయటివాళ్లు, ప్రతిసారీ మొదటి నుంచి విప్పి అర్థం చేసుకోవాల్సి వచ్చింది. ఫైలును ఆటోడెస్క్ ప్రోగ్రామే సేవ్ చేసిందని చెప్పే ట్రస్టెడ్ డీడబ్ల్యూజీ ముద్ర మీద 2006లో కోర్టు గొడవ కూడా నడిచి మరుసటి ఏడాది రాజీ అయింది. 2013 పద్ధతి మాత్రం 2017 వెర్షన్ దాకా ఐదేళ్లు నిలిచింది.

ఇంత చెప్పినా, అప్‌గ్రేడ్ తర్వాత జనం పడే అవస్థల్లో ఎక్కువ భాగం డీడబ్ల్యూజీవి కావు, దాని వెలుపల ఉన్నవాటివి. పాత కంప్యూటర్లో ఎవరో వేసుకున్న ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంటు కొత్తదానిలో ఉండదు. ఆటోక్యాడ్ దాని బదులు సింప్లెక్స్ పెట్టి తెరుస్తుంది. అక్షరం వెడల్పు మారితే గది పేరు గోడ దాటిపోతుంది, కొలత పక్క కొలత మీదెక్కుతుంది. ఫాంటులో లేని గుర్తుకు ప్రశ్నార్థకం వస్తుంది. ఎక్స్‌రెఫ్‌లకు (వేరే ఫైలు నుంచి తగిలించిన డ్రాయింగులకు) డి డ్రైవు దారి పూర్తిగా రాసి ఉంటే, ఆ డ్రైవు లేని చోట సైట్ ప్లాన్ మాయమై దాని దారి ఒక్కటే చిన్న అక్షరాల్లో మిగులుతుంది. పెన్ను మందాలు చెప్పే సీటీబీ ఫైలు రాకపోతే బీమూ డైమెన్షన్ గీతా ఒకే మందంతో ప్రింటవుతాయి. పాత లిస్ప్ రొటీన్లను 2014 నుంచి నమ్మకమైన ఫోల్డరులో పెడితే తప్ప ఆటోక్యాడ్ అడగకుండా లోడ్ చేయదు.

వీటికి చేరువైన చిక్కు ప్రాక్సీలది. 1998లో వచ్చిన ఆర్కిటెక్చరల్ డెస్క్‌టాప్‌లో గోడ అంటే రెండు గీతలు కాదు, గోడే. తలుపు పెడితే తనంతట తనే తెగుతుంది. ఆ ఫైలును మామూలు ఆటోక్యాడ్‌లో తెరిస్తే గోడకు బదులు ప్రాక్సీ అనే దాని బొమ్మ కనిపిస్తుంది గానీ సాగదీయడానికి లొంగదు. సేవ్ చేసినవాళ్లు ప్రాక్సీగ్రాఫిక్స్ అనే సెట్టింగును సున్నా చేసి ఉంటే ఆ బొమ్మ కూడా రాదు, ఒక ఖాళీ డబ్బా వస్తుంది. గోడలు గీసిన ప్రోగ్రాంలోనే మామూలు ఆటోక్యాడ్‌కు ఎక్స్‌పోర్ట్ చేసి తెప్పించుకోవడం ఒక్కటే నమ్మదగిన మార్గం.

నిజంగా పాడైన ఫైలుకు రికవర్, ఆడిట్, ఖాళీ డ్రాయింగులోకి ఇన్సర్ట్ చేసి చూడటం ఉండనే ఉన్నాయి. వాటికన్నా ముందు చేయాల్సింది, పాత ఫైలుకు కాపీ తీసుకోవడం. కొత్త ఆటోక్యాడ్‌లో తెరిచి అలవాటుగా కంట్రోల్ ఎస్ నొక్కితే ఆప్షన్స్‌లో ఏ వెర్షన్ పెట్టి ఉంటే ఆ వెర్షన్‌లోకి ఫైలు మారిపోతుంది. పాత వెర్షన్ వాడే స్ట్రక్చరల్ ఇంజినీరు ఫోన్ చేసినప్పుడు గానీ ఆ సంగతి తెలియదు. సేవ్ యాజ్‌లో ఇప్పటికీ రిలీజ్ 14 దాకా వెనక్కి వెళ్లొచ్చు, డీఎక్స్ఎఫ్ అయితే 12 దాకా.

తెలుగువాళ్ల డ్రాయింగుల్లో మరో తగులాటం ఉంది. యూనికోడ్‌కు ముందు కాలపు తెలుగు ఫాంట్లలో 'క' అన్నది నిజానికి ఏదో ఇంగ్లిష్ అక్షరం స్థానంలో కూర్చున్న బొమ్మ. లేఅవుట్ ప్లాన్ మీద ఊరి పేరూ సరిహద్దుల వివరాలూ అలా టైపు చేసి ఉంటే, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలే వస్తాయి. ఆటోక్యాడ్ దృష్టిలో ఇక్కడ తప్పేమీ లేదు, కాబట్టి అది చేసేదేమీ లేదు. రికవర్ చేసినా ఫలితం ఉండదు. ఆ ఫాంటు ఫైలును సంపాదించి వేసుకోవాలి, లేదా పాత ప్రింటును పక్కన పెట్టుకుని యూనికోడ్‌లో మళ్లీ టైపు చేసుకోవాలి.