నాలుగు డిస్కుల సర్వర్‌కు ఏ రెయిడ్ మంచిది?

హార్డ్‌డిస్క్ అన్నాక ఏదో ఒకరోజు పోతుంది. ఆ రోజు పని ఆగకుండా, కొన్ని డిస్కులను కలిపి ఒకటే డిస్కులా వాడే పద్ధతిని రెయిడ్ అంటారు. 1988లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రాసిన పరిశోధన పత్రంతో ఈ పేరు వాడుకలోకి వచ్చింది.

ఒక ఫోటో స్టూడియో ఉందనుకోండి. నికాహ్, వలీమా వీడియోలన్నీ ఒకే సర్వర్‌లో ఉంటాయి. అందులో 4 టీబీ డిస్కులు నాలుగు, మొత్తం 16 టీబీ.

రెయిడ్ 0 పెడితే 16 టీబీ మొత్తం వాడుకోవచ్చు. కానీ ఒక్క డిస్కు పోతే అంతా పోయినట్టే. దాన్ని వదిలేద్దాం.

చాలామంది రెయిడ్ 5 పెట్టమంటారు. 12 టీబీ చేతికొస్తుంది, ఒక డిస్కు పోయినా మిగతా మూడింట్లో ఉన్న లెక్కను బట్టి డేటా తిరిగి రాబట్టవచ్చు. వినడానికి బాగానే ఉంది. చిక్కంతా కొత్త డిస్కు పెట్టాకే. పోయినదాన్ని తిరిగి నింపాలంటే మిగిలిన మూడింటినీ మొదటి నుంచి చివరిదాకా, అంటే 12 టీబీ, చదవాలి. గంటల తరబడి సాగే పని. మామూలు డిస్కుల్లో కోటి కోట్ల బిట్లు చదివితే ఒక తప్పు రావచ్చని కంపెనీల కాగితాల్లోనే ఉంటుంది. కోటి కోట్ల బిట్లంటే దాదాపు 12.5 టీబీ! నిజానికి డిస్కులు అంతకన్నా మెరుగ్గానే పనిచేస్తాయి. అయినా ఒకేరోజు కొన్న నాలుగు డిస్కులూ ఒకేలా అరుగుతాయి కదా, ఆ సమయంలోనే రెండోది పోతే?

రెయిడ్ 6, రెయిడ్ 10 రెండింట్లోనూ 8 టీబీయే మిగులుతుంది. రెయిడ్ 6లో ఏ రెండు డిస్కులు పోయినా డేటా ఉంటుంది. రెయిడ్ 10లో డిస్కులు జంటలుగా ఉంటాయి, ఒకే జంటలోని రెండూ పోతే ఇక అంతే. కాకపోతే అది రాయడంలో వేగం, డిస్కు మార్చినప్పుడు దాని జంటను కాపీ చేస్తే చాలు. అందుకే స్టూడియోకు రెయిడ్ 6, రోజంతా బిల్లింగ్ నడిచే షాపుకు రెయిడ్ 10 అని మా సలహా. రెండే డిస్కులుంటే రెయిడ్ 1.

ఏది పెట్టినా డిస్కు పోగానే ఈమెయిల్ వచ్చేలా సెట్ చేయించండి. లేదంటే ఒకటి పోయిన సంగతి రెండోది పోయాకే తెలుస్తుంది. కరెంటు పోయే చోట యూపీఎస్ తప్పనిసరి.

ఇంకొకటి, రెయిడ్ బ్యాకప్ కాదు. పొరపాటున ఫైల్ డిలీట్ చేస్తే అన్ని డిస్కుల్లోనూ డిలీట్ అవుతుంది, వైరస్ పట్టినా అంతే. వీడియోల కాపీ ఒకటి వేరే డిస్కులో, వీలైతే వేరే ఇంట్లో ఉంచండి. అప్పుడప్పుడు దాన్ని తెరిచి, ప్లే అవుతోందో లేదో చూసుకోండి.