నీరడి చేతిలో పార, దొర చేతిలో పట్టా

చెరువుల చరిత్ర అంటే మన పాఠ్యపుస్తకాల్లో రాజుల చరిత్రే. రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు కాకతీయుల కాలంలో తవ్వించారని చదువుకున్నాం, పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నాం. తవ్వించినవాళ్ళ పేర్లు నోటికొచ్చాయి. తవ్విందెవరని ఏ మాస్టారూ అడగలేదు. మేమూ అడగలేదు.

కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. చెరువు కట్టించింది విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలేమిటో, ఆరు దోషాలేమిటో ఆ శాసనం వివరంగా చెబుతుంది. రోజుకు వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ళ పని అని లెక్క కూడా చెబుతుంది. రాజవంశం పేర్లన్నీ వరసగా ఉన్నాయి. ఆ వెయ్యిమందిలో ఒక్కడి పేరూ లేదు. చరిత్రకారులు ఈ శాసనాన్ని మన నీటి శాస్త్రానికి గొప్ప సాక్ష్యంగా చూపిస్తారు. నిజమే, గొప్పదే. మాకు మాత్రం ఇంకో సంగతి తోస్తుంది. చెరువు కట్టడం రెండేళ్ళ పని. దాని నీళ్ళు ఏటేటా పొలాలకు పంచడం వందల ఏళ్ళ పని. ఆ పని చేసినవాడు ఏ రాతి మీదా లేడు.

తెలంగాణలో అతన్ని నీరడి అంటారు, రాయలసీమలో నీరుగంటి. చాలా ఊళ్ళల్లో మాల, మాదిగ కుటుంబాలు ఈ పని చేశాయి. కొన్నిచోట్ల ముత్రాసి, తెనుగు వాళ్ళు కూడా చేశారు. మా తాత వరంగల్లు పక్క ఒక ఊరికి నీరడి. మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి మనుషులం మేమే కాబట్టి, ఆయన పని గురించి కాగితం మీద రాసే వంతు మాకొచ్చింది.

చెరువు కింద నీటి హక్కు భూమిని అంటుకొని ఉంటుంది. తరి భూమి ఎవరి పేర పట్టా అయితే నీటి వాటా వాళ్ళది. భూమి చేతులు మారితే వాటా కూడా దాని వెంటే పోతుంది. తూము నుంచి పెద్ద కాలువ, దాన్నుంచి పిల్లకాలువలు, అక్కణ్ణుంచి మడి నుంచి మడికి. వినడానికి తేలికే. చిక్కంతా పల్లంలో ఉంది. తూము దగ్గరి మడికి నీళ్ళు అడగకుండానే వస్తాయి. చివరి మడికి రావాలంటే పైనున్న ప్రతివాడూ తన మడవ వేళకు కట్టాలి. మత్తడి దుంకిన ఏడు అందరూ మంచోళ్ళే. వానలు వెనకబట్టిన ఏడు, లేకుంటే యాసంగిలో, అసలు రంగు బయటపడుతుంది.

అట్లాంటప్పుడు తైబందీ చేసేవాళ్ళు. చెరువులో ఉన్న నీళ్ళను బట్టి ఆయకట్టులో ఎంత భూమికి ఇవ్వాలో ముందే తేల్చుకోవడమన్నమాట. మా ఊళ్ళో పటేలు, పట్వారీ గద్దె మీద కూర్చునేవాళ్ళు, మా తాత కింద నిలబడేవాడు. కానీ నోరు విప్పాల్సింది ఆయనే. తూము రాతి మీద నీటి మట్టం చూసి ఇన్ని తడులకు వస్తాయి, ఇన్నెకరాలు పండుతాయి అని చెప్పేది ఆయనే. ఆ తర్వాత వంతులు. పగలు నీడను బట్టి, రాత్రి చుక్కను బట్టి ఒక మడవ మూసి ఇంకోటి తెరవాలి. కాలువ మీద భూమిగలవాడు పార వేయకూడదు, నీరడే వేయాలి. తూము తెరవాలంటే నిండు చెరువులో ఈదుకుంటూ పోయి కర్ర లేపాలి. ఎండ్రికాయ బొక్కలు పూడ్చాలి, కట్ట మీద మొలిచిన చెట్లు కొట్టాలి, వాన దంచే రాత్రి కట్ట దగ్గరే పడుకోవాలి. పై మడివాడు అర్ధరాత్రి గడ్డీ మట్టీ అడ్డమేసి నీళ్ళు మళ్ళించుకుంటే పట్టుకోవాలి. పట్టుకున్నంక దొర ముందు రుమాలు తీసి, వంగి, ఆ మాట చెప్పాలి. నీళ్ళు మళ్ళించింది దొర పాలేరే అయితే? మా తాత దీనికి జవాబు చెప్పేవాడు కాదు, చుట్ట వెలిగించుకునేవాడు.

ఈ పని భూమిలేనివాడికే ఎందుకిచ్చారు? ఆయకట్టులో తనకు మడి లేదు కాబట్టి పక్షపాతం ఉండదు అంటారు. పాత నీటి పద్ధతులను మెచ్చుకునే పర్యావరణ పండితులకు ఈ మాట చాలా ఇష్టం. మాకు ఇది ఎంత చదివినా మింగుడుపడదు. నీరడికి భూమి లేకపోవడం ఊరు ఏరికోరి పెట్టిన ధర్మం కాదు. కులం భూమి ఇవ్వలేదు. ఇవ్వనిదాన్ని తర్వాత నిజాయితీ అని పేరు మార్చి పొగిడారు. భూములున్నవాళ్ళు ఒకరినొకరు నమ్మరు, కాబట్టి ఎవరికీ పోటీకి రాలేనివాణ్ణి నమ్మారు.

ఇంకొక సంగతి. ఊరి బావిలో చేద వేస్తే మైలపడే నీళ్ళు, అదే మనిషి రాత్రంతా మోకాళ్ళ లోతున నిలబడి పొలాలకు పారించినప్పుడు మైలపడలేదు. ఆ నీళ్ళతో పండిన బియ్యమే దొర ఇంట వండారు, గుడిలో నైవేద్యం పెట్టారు. శ్రమ అవసరమైన చోట అంటు ఆగిపోతుంది, తాగే చోట మళ్ళీ మొదలవుతుంది. 1927లో మహద్‌లో అంబేద్కర్ చౌదార్ చెరువు నీళ్ళు తాగడం ఎందుకంత పెద్ద తిరుగుబాటు అయిందో, 1985 జులైలో కారంచేడు మారణకాండకు దారితీసిన తగాదా మంచినీళ్ళ చెరువు దగ్గరే ఎందుకు మొదలైందో ఇక్కణ్ణుంచి చూస్తే తెలుస్తుంది. నీళ్ళు పంచే చేతికి నీళ్ళు ముట్టే హక్కు లేదు.

ఇంత పనికి ఇచ్చిందేమిటి? కల్లం దగ్గర మేర. పంట కుప్ప కొట్టినంక రైతు తలా ఇన్ని గింజలు పెట్టాలి. పెట్టడంలో గౌరవం లేదు. కల్లం అడుగున మట్టి కలిసిన వడ్లు ఊడ్చుకొచ్చి మా నాయినమ్మ చెరిగేది. "బిడ్డా, వాళ్ళకు తూకం తప్పకుండ నీళ్ళు పంచినోనికి గింజలు తూకం లేకుండ ఇచ్చిన్రు" అని ఆమె ఎన్నిసార్లు అనిందో. కొన్ని ఊళ్ళల్లో ఇనాం భూమి ఇచ్చారు, ఆ ఇనామే కాళ్ళకు కట్టుతాడైంది. మహర్ వతన్ మీద అంబేద్కర్ 1928లో బొంబాయి శాసనమండలిలో బిల్లు పెట్టినప్పుడు అడిగింది ఇదే. ఒక తుండు భూమి, నాలుగు గింజలు చూపించి ఇంటిల్లిపాదినీ రాత్రింబవళ్ళు కట్టేసుకోవడం న్యాయమా అని. మనవాళ్ళలో కొందరు ఇప్పటికీ నీరడితనాన్ని పోగొట్టుకున్న హోదాలాగా తలుచుకుంటారు. వాళ్ళ బాధ మాకు తెలుసు. ఆ విద్య గొప్పది, ఆ బతుకు గొప్పది కాదు. రెండూ కలిపి మాట్లాడకూడదు.

చట్టంలో అతని పేరు అసలు రాలేదని కాదు. తెలంగాణ ప్రాంతపు 1955 ఇనాంల రద్దు చట్టంలో సేత్‌సింధి, నీరడి, బలూతా అనే మాటలు కనబడతాయి. తర్వాత బోర్లు, కరెంటు మోటార్లు వచ్చాయి. బోరున్న రైతుకు వంతుతో పని లేదు, వంతు లేకపోతే నీరడితో పని లేదు. మేర ఆగిపోయింది. 1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సాగునీటి వ్యవస్థల రైతుల యాజమాన్య చట్టం తెచ్చి పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు పెట్టింది. ప్రపంచమంతా మెచ్చుకుంది. ఆ సంఘంలో ఓటు ఎవరికి? ఆయకట్టులో భూమి ఉన్నవాళ్ళకు, రికార్డుకెక్కిన కౌలుదార్లకు. నీళ్ళ లెక్క తెలిసినవాడికి భూమి లేదు కాబట్టి ఓటు లేదు. ఒకప్పుడు ఏ కారణంతో అతనికి పార ఇచ్చారో, అదే కారణంతో ఇప్పుడు బయట నిలబెట్టారు.

2023లో తెలంగాణ ప్రభుత్వం గ్రామ రెవెన్యూ సహాయకులను రకరకాల శాఖల్లో సర్దింది. వాళ్ళలో నీరడి, సేత్‌సింధి, మస్కూరి ఇండ్ల పిల్లలు ఎంతోమంది. జీతం వచ్చింది, మంచిదే. అయితే తాతల పని తెలిసిన పిల్లలు ఆ ఇండ్లల్లో ఇంకా ఎందరున్నారు?

2015లో మిషన్ కాకతీయ మొదలైంది. మా ఊరి చెరువు వంతు వచ్చినప్పుడు పాత తూము నోరు పూడికలో ఎక్కడుందో యంత్రాలవాళ్ళకు అంతుపట్టలేదు. మా పెద్దబాపును పిలిపించారు. ఆయన కట్ట మీద మైసమ్మ గద్దె నుంచి అడుగులు లెక్కబెట్టుకుంటూ పోయి, చెరువులోకి దిగి, ఒకచోట నిలబడి "ఈడ తవ్వుండ్రి" అన్నాడు. మూడు గజాల లోతున రాయి తగిలింది. పని అయిపోయినంక బోర్డు పెట్టారు. ఆయకట్టు ఎన్ని ఎకరాలో ఉంది, అంచనా ఖర్చు ఉంది, కాంట్రాక్టరు పేరుంది. ఆ దినం కూలి ఇయ్యలేదని మా పెద్దబాపు మేము ఊరికి పోయినప్పుడల్లా యాది చేస్తుంటాడు.